ఖాదర్ సాబ్ గొర్రెల జట్టు

ఈ ఉదయం బడి ప్రహరీ పక్కనుంచి ఒక మంద పోయింది. తెల్లవారుజామున జల్లు పడి ఆగినట్టుంది, కాపరి భుజాన గొంగడి తడిసి ఉంది. తడిసిన గొంగడి వాసన తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. అందులో ఉన్ని వాసన ఉంటుంది, పాల వాసన, మట్టి వాసన, ఎక్కడో కాస్త పొగ వాసన. నేను పిల్లల చేత మైదానం చుట్టూ పరుగు తీయిస్తున్నాను. ఆ వాసన ముక్కుకు తగలగానే ఈల నోట్లో అట్లాగే ఉండిపోయింది. రెండు చుట్లు తిరగాల్సిన పిల్లలు నాలుగు తిరిగి, "సార్, ఇగ ఆపాల్నా?" అని అడిగేదాకా నేను అక్కడ లేను. నల్లగొండలో ఒక వాన పడుతున్న మైదానంలో, గోలు కర్రల మధ్య నిలబడి ఉన్నాను.

ఇప్పుడు నేను గురుకుల పాఠశాలలో ఆటలు నేర్పే సారును. అంతకుముందు గొర్రెల కాపరిని. ఇంటరు తప్పి, మా బాపు వెనక కర్ర పట్టుకుని తిరిగినవాణ్ణి. ఈ రెంటికీ నడుమ ఖాదర్ సాబ్ ఉన్నారు. ఆయన పేరు మీరు విని ఉండరు. పశువుల దవాఖానలో కాంపౌండరు. సన్నటి మనిషి, చెంపలకు అతుక్కున్న తెల్లగడ్డం, ఎండకు రంగు పోయిన టోపీ, మోటారు సైకిల్ వెనక టీకాల ఐస్ డబ్బా. సొంతూరు కొల్లాపూర్. చిన్నతనంలో హైదరాబాదులో మేనమామ ఇంట్లో ఉండి గల్లీ జట్లలో ఫుట్‌బాల్ ఆడారట. ఆ పిచ్చిని వెంటపెట్టుకునే మా మిట్ట ఊళ్ళకు ఉద్యోగానికి వచ్చారు. వచ్చి, గొర్రెల కాపరులతో జట్టు కట్టారు. ఈ మాట చెబితే జనం ఇప్పటికీ నవ్వుతారు. అప్పుడైతే పొట్ట పట్టుకుని నవ్వారు.

నేను ఆయన కంట పడింది టీకాల రోజున. తెలంగాణ వచ్చిన కొత్త, నాకు పంతొమ్మిదేళ్ళు. మా ఊరు దేవరకొండకు అవతల, నల్లగొండ జిల్లా అయిపోయి మహబూబ్‌నగర్ జిల్లా మొదలయ్యే చోట ఉంటుంది. టీకాలప్పుడు దొడ్డి వాకిలి కొంచెమే తెరిచి, ఆ సందులోంచి గొర్రెలను ఒక్కొక్కటిగా వదులుతారు. ఉరికొచ్చే గొర్రెను కాలు పట్టి ఆపితే ఆయన సూది వేస్తారు. ఒక్కటి చేయి జారి మందలో కలిసిందంటే సూది పడ్డదేదో పడనిదేదో తెలియక తల పట్టుకోవాల్సిందే. మా మందలో రెండు వందల పైచిలుకు జీవాలు. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి పని ముగిసింది. ఆయన చేతులు కడుక్కుంటూ నా చేతుల వంక చూశారు.

"పేరేంది బేటా?"

"శ్రీశైలం."

"రెండు వందల గొర్లల్ల ఒక్కటి పోలే నీ చేతిల నుంచి. కుడిదిక్కు ఉరికినా పట్టినవ్, ఎడమదిక్కు దుంకినా పట్టినవ్. ఫుట్‌బాల్ ఆడుతవా?"

"అది కాలుతోని ఆడేది గద సాబ్?"

"పదిమంది కాలుతోని ఆడుతరు. ఒక్కడు చేతులతోని ఆడుతడు. గా ఒక్కడే దొరుకుతలేడు నాకు."

అప్పటిదాకా నన్ను చూసి ఎవరూ 'నీలాంటివాడు దొరకడం లేదు' అనలేదు. ఇంటరు తప్పిన కొడుకు అని చాలామంది అన్నారు. ఆ రోజు మంద వెనక నడుస్తూ నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాను. అవి నా చేతులేనా అన్నట్టు ఉంది నాకు.

మా బాపు మల్లయ్య మాట తక్కువ మనిషి. ఆయన లోకంలో మనుషులు రెండే రకాలు, మాట మీద నిలబడేవాళ్ళు, నిలబడనివాళ్ళు. ఖాదర్ సాబ్‌ను మొదటి రకంలో ఎప్పుడో కలుపుకున్నాడు. అంతకుముందొకసారి మా మందకు రోగం తగిలినప్పుడు సాబ్ మూడు రోజులు ఇంటికి పోకుండా మంద దగ్గరే ఉండి, మా జొన్నరొట్టెలే తిని, జీవాలను నిలబెట్టారు. అందుకే నన్ను ఆటకు పంపమని సాబ్ వచ్చి అడిగితే బాపు కాదనలేకపోయాడు. చాలాసేపు కర్రతో నేల మీద గీతలు గీశాడు.

"ఆడుకోని సాబ్. గని నాదొక్క మాట. మందకు ఆపతి వస్తే వాడు మంద కాడ ఉండాలె. గప్పుడు మాచ్ గీచ్ అనొద్దు."

"ఉంటడు మల్లన్న. ఏడున్నా నేనే తోల్కొస్త. నా జబాన్."

జబాన్ అంటే ఆయన ఇచ్చిన మాట. దస్తావేజు రాసుకున్నా మా ఇంట్లో అంత నమ్మకం కుదిరేది కాదు. అవ్వ, మా దిక్కు అమ్మను అట్లాగే అంటాం, లోపలినుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది, ముగ్గురం తాగాం. నేను ఆటగాణ్ణయ్యాను.

మేం ఆడిన లీగ్ సంగతి కాస్త చెప్పాలి. పాత రెండు జిల్లాల జట్లు ఆడే చిన్న లీగ్ అది. అందులో రెండు మెట్లు. పై మెట్టులో ఎనిమిది జట్లు, కింది మెట్టులో పది. ఏడాదంతా ఒకరితో ఒకరు ఆడి, చివరికి కింది మెట్టులో మొదటి రెండు జట్లు పైకెక్కుతాయి, పై మెట్టులో ఆఖరి రెండు జట్లు కిందికి దిగుతాయి. ఆటకు కనీసం ఏడుగురు రాకపోతే ఆడకుండానే ఓడినట్టు రాస్తారు. ఒక ఏడాదిలో రెండుసార్లు అట్లా జరిగిందా, పట్టికలో ఎక్కడ ఉన్నా సరే, కిందికి పోవాల్సిందే. పట్నం జట్లకు ఇదొక పెద్ద ఇబ్బంది కాదు. మాకు మాత్రం ఏడాదిలో సగం రోజులు అదే గండం.

ఎందుకంటే మా జట్టు ఒక్కచోట ఉండేది కాదు. వరికోతలు కాగానే మిట్టమీది మందలన్నీ కిందికి వలస పోతాయి. కొన్ని హాలియా దిక్కు సాగర్ కాలువ పొలాలకు, కొన్ని కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డుకు. కోసిన మళ్ళలో మంద పెట్టించుకుంటే పొలానికి ఎరువు, మా జీవాలకు మేత. మళ్ళీ తొలకరికి గానీ ఇల్లు చేరం. ఆ ఐదారు నెలలు మా సెంటర్ ఫార్వర్డ్ ఒక జిల్లాలో, వాడికి బంతి అందించాల్సినవాడు ఇంకో జిల్లాలో. వీళ్ళందరినీ ఒక జట్టుగా పట్టి ఉంచగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. ఏ మంద ఏ కాలువ గట్టున ఉందో, ఎల్లుండికి ఎక్కడికి జరుగుతుందో ఖాదర్ సాబ్‌కు తెలుసు. టీకాలు వేసేది ఆయనే కనుక. దవాఖాన గోడకు పాత క్యాలెండరు తిరగేసి తగిలించి, దాని మీద నది, కాలువ, రోడ్లు పెన్సిలుతో గీసి, మందలున్నచోట చుక్కలు పెట్టేవారు. వారానికొకసారి చుక్కలు చెరిపి మళ్ళీ పెట్టేవారు. నేను ఆ కాగితం ముందు నిలబడి చాలాసేపు చూస్తుండేవాణ్ణి. చుక్కలు కదులుతున్నట్టే, మెల్లగా మేస్తూ నదివైపు జరుగుతున్నట్టే ఉండేది.

లీగ్ కార్యదర్శి ఆ కాగితం చూసి ఒకసారి తల కొట్టుకున్నాడు. ఫిబ్రవరిలో మా ఆట మహబూబ్‌నగర్‌లో కాకుండా హాలియాలో పెట్టమని సాబ్ అడగడానికి పోతే నేనూ వెంట ఉన్నాను.

"సాబ్, జట్టును చూసి ఆట పెట్టాల్నా, గొర్లను చూసి పెట్టాల్నా?"

"గొర్లను చూసే పెట్టు సార్. జట్టు గొర్ల ఎనుక వస్తది."

ఆ కార్యదర్శి నవ్వి, చోటు మార్చాడు. సాబ్ మీద ఎవరికైనా కోపం నిలిచేది కాదు. మైదానం పక్కనే మంద మేసేది. ఆటలో లేనివాడు గొర్రెలు కాసేవాడు. మనిషిని మార్చాల్సి వస్తే రిఫరీ ఈల వేసి, "ఏడీ మీ మనిషి?" అని అడిగేవాడు. "గొర్ల కాడున్నడు సార్, వస్తాండు" అని సాబ్ కేకేసేవారు. బయటికి పోయేవాడు గొర్రెల దగ్గరికి చేరేదాకా లోపలికి రావాల్సినవాడు కదిలేవాడు కాదు. మంద విడిచి రాకూడదు మరి. మిగిలిన ఇరవై ఒక్కమందీ నడుం మీద చేతులు పెట్టుకుని, పొలానికి అడ్డంపడి వస్తున్న ఒక్క మనిషి కోసం ఎదురుచూసేవాళ్ళు. చొక్కాల మీద నంబర్లు కూడా గొర్రెలకు గుర్తు పెట్టే ఎర్ర రంగుతోనే వేసేవారు సాబ్, పుల్లకు గుడ్డ చుట్టి, నాలుక బయటపెట్టి, శ్రద్ధగా. ఆ సాయంత్రాలు తలుచుకుంటే నాకు అన్నీ ఒకే సాయంత్రంగా కనిపిస్తాయి. కాలువ నీటి మీద వెలుతురు, గొర్రెల మెడ గంటలు, దుమ్ములో తేలుతున్న బంతి, దూరంగా టోపీ తీసి ఊపుతున్న ఒక సన్నటి మనిషి. గెలిచామో ఓడామో చాలా ఆటలు గుర్తు లేవు.

రెండో ఏడు మేం కింది మెట్టులో రెండో స్థానంలో నిలిచి పైకెక్కాం. ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. మా మేనమామ అడిగాడు, "పైకెక్కితే ఏమొస్తది సాబ్?" అని. "ఏమొస్తది! ఇంకా గట్టోళ్ళ చేతిల తన్నులు తినొచ్చు" అన్నారు సాబ్. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. తర్వాత నేనొక్కణ్ణే ఉన్నప్పుడు, మరి పైన నిలవలేక మళ్ళీ దిగితే పరువు పోదా అని అడిగాను. ఆయన ఐస్ డబ్బా తుడుస్తున్నారు.

"మీ మంద ఏటా దిగుతది, ఏటా ఎక్కుతది. దిగినప్పుడు ఎవలన్న నవ్విన్రా? దిగుడంటే సిగ్గు కాదు బేటా. మంద దిగినప్పుడు మనిషి మందతోని ఉండాలె, గంతే."

అప్పుడు ఆ మాట బాగుందనిపించింది. ఎవరో గోడ మీద రాసుకునే మాటలాగా విన్నాను, నా గురించి చెప్పిన మాటలాగా వినలేదు. ఇరవై ఏళ్ళకు అంతే బుద్ధి.

పై మెట్టులో సాబ్ చెప్పినట్టే తన్నులు తిన్నాం. చివరి ఆట వచ్చేసరికి పట్టికలో కింద నాలుగు జట్లు కొట్టుకుంటున్నాయి, అందులో మేమొకటి. ఆఖరి ఆట నల్లగొండలో, నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్ హమాలీల జట్టుతో. మాకు డ్రా అయితే చాలు, పైనే ఉంటాం. వాళ్ళు గెలిచి తీరాలి. ఆ ఏడు లీగ్ సాగి సాగి తొలకరి దాకా వచ్చింది. అప్పటికే రెండు వానలు పడి హాలియా దిక్కు గట్ల మీద లేతగడ్డి మొలిచింది. మా మంద ఇంకా అక్కడే ఉంది, బాపూ మా చిన్నాయనా దాని వెంట ఉన్నారు. నేను ముందురోజే నల్లగొండ వచ్చాను. గోలులో నిలబడగల ఇంకొకడు మా జట్టులో ఉన్నాడు గానీ, వాడి మంద కొల్లాపూర్ అవతల చిక్కుకుంది.

ఆట మొదలవడానికి కాసేపటి ముందు సాబ్ ఫోను మోగింది. మాట్లాడి, నన్ను ప్రహరీ వెనక్కి పిలిచారు. అప్పటికే బండి స్టార్టు చేసి ఉంది. వెనక ఐస్ డబ్బా కట్టి ఉంది.

"మీ మందకు చిటుక వచ్చింది. పొద్దటి సంది ఎనిమిది పడ్డయట. ఎక్కు."

చిటుక రోగం సంగతి కాపరికి చెప్పనక్కర్లేదు. తొలకరి లేతగడ్డి ఆబగా మేసిన గొర్రె, నిలబడినది నిలబడినట్టే ఎగిరి పడి, చిటిక వేసేలోగా పోతుంది. బలమైనవే ముందు పోతాయి. అప్పుడు మంద దగ్గర ఎన్ని చేతులున్నా చాలవు. గడ్డిమీదినుంచి మళ్ళించాలి, మందు తాగించాలి, ఒక్కొక్కదాన్నీ పట్టి సూది వేయించాలి. మా మందలో గొర్రెను పట్టే చేతులు నావి. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"నేనొచ్చి ఏం జేస్త సాబ్? సూది మీ చేతిల ఉన్నది" అన్నాను.

"ఎక్కు శ్రీశైలం. మీ బాపుకు జబాన్ ఇచ్చిన."

"నేను పోతే గోల్ల ఎవలు నిలబడుతరు? పిల్లలందరు ఏడాదంత కష్టపడ్డరు."

"ఎవలో ఒకలు నిలబడుతరు. దిగితే దిగుతం. ఎక్కు."

"నేను రాను సాబ్."

జట్టు కోసమని చెప్పాను. ఇన్నేళ్ళ తర్వాత అబద్ధం ఎందుకు? జట్టు కోసం కాదు. నాకు ఆడాలని ఉంది. ఆ మైదానం గట్ల మీద వానలో కూడా జనం నిలబడి ఉన్నారు, నేను వాళ్ళ ముందు ఆడాలి. ఎనిమిది పడ్డాయంటే ఎనిమిదే కదా అని కూడా అనుకున్నాను. సాబ్ బండి ఆపలేదు, కదలనూలేదు. టోపీ తీసి నీళ్ళు పిండి మళ్ళీ పెట్టుకున్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "జర కాలు జారకుండ చూస్కో" అని, వానలోకి వెళ్ళిపోయారు.

ఆ ఆట నేను కలలో ఆడినట్టు ఆడాను. చప్పుడు వినిపించేది కాదు. వానకు రంగు కరిగి మా అందరి వీపుల మీద నంబర్లు నడుముల దాకా కారాయి, ఎవరు ఎవరో తెలియడం లేదు. బంతి మాత్రం పెద్దగా, నెమ్మదిగా, నాకోసమే వస్తున్నట్టు కనిపించేది. ఆఖరు నిమిషాల్లో వాళ్ళ పొడుగాటి హమాలీ ఒక్కడే నా ముందుకు వచ్చేశాడు. ఎడమ మూలకు నేలబారుగా కొట్టాడు. ఎట్లా దూకానో తెలియదు. బురదలో ముఖం కూరుకుపోయి, కళ్ళు తెరిచేసరికి బంతి నా రెండు చేతుల కింద ఉంది. ఎవరూ గోలు కొట్టకుండానే ఆట ముగిసింది. మేం పైనే ఉన్నాం. వాళ్ళు దిగిపోయారు. మావాళ్ళు నన్ను ఎత్తుకుని తిప్పారు. నా జీవితంలో నన్ను ఎవరైనా భుజాల మీద మోసింది ఆ ఒక్కరోజే. పైనుంచి చూస్తే గేటు దగ్గర సాబ్ బండి ఉండే చోటు ఖాళీగా కనిపించింది. నన్ను దించమన్నాను.

బస్సు పట్టుకుని హాలియా పోయి, కాలువ గట్టు వెంట ఉరికాను. ఇంకా పొద్దు గుంకలేదు. వాన వెలిసి పసుపుపచ్చటి వెలుతురు వచ్చింది. ఆ వెలుతురులో మడి గట్టున పదిహేడు గొర్రెలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. నిద్రపోతున్నాయేమో అనిపించేంత శుభ్రంగా ఉన్నాయి. మిగిలిన మంద ఎగువన గడ్డిలేని చోట ఉంది. సాబ్ చొక్కా మోచేతుల దాకా తడిసి, మోకాళ్ళకు బురద కొట్టుకుని, సూదులు డబ్బాలో సర్దుకుంటున్నారు. చిన్నాయన గొయ్యి తవ్వుతున్నాడు. బాపు నన్ను చూశాడు. ఆయన కళ్ళలో కోపం లేదు.

"తిన్నవా బిడ్డా?" అన్నాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత బాపు సాబ్ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"గొర్లు పోయినయ్ సాబ్, మల్ల అయితయ్. ఇంత పెద్దమనిషివి, మాటిచ్చి, గా మాచ్ కోసం నా పోరనికి చెప్పకుండ దాస్తివి. వానికి ఎరుకైతే ఉరికొస్తుండె. ఇయ్యాల వాని చేతులుంటే సగం దక్కుతుండె. ఇగ నా మంద కాడికి రాకు."

అప్పుడు అర్థమైంది. 'వాడేడి' అని బాపు అడిగి ఉంటాడు. 'నేనే చెప్పలేదు' అని సాబ్ అని ఉంటారు. సాబ్ ఒక్కసారి నా వంక చూశారు. బతిమాలినట్టూ లేదు, వద్దన్నట్టూ లేదు, ఊరికే చూశారు. "తప్పు నాదే మల్లన్న" అని వంగి, డబ్బా మూత పెట్టి, కొక్కెం వేశారు. నేను నోరు తెరవడానికి నాకు దొరికిన సమయం అదే, ఆ కొక్కెం వేసేంత సేపు. నేను తెరవలేదు. బండి గట్టు మీదికి ఎక్కి, కాలువ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. నేను పోయి చిన్నాయన చేతిలో పార అందుకున్నాను.

మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు బాపు జ్వరపడ్డాడు. వారం తర్వాత చెబుదామనుకున్నాను. అప్పటికి ఆ మాట మా కులమంతా పాకింది. ఖాదర్ సాబ్ ఆట పిచ్చిలో మాట తప్పాడన్నారు. ఒక్కొక్క ఇంటివాళ్ళూ పిల్లలను ఆట మానిపించారు. రోగమొస్తే వేరే కాంపౌండరును పిలిపించుకున్నారు. ఎంత ఆలస్యమైతే మాట అంత బరువెక్కుతుంది, ఎత్తలేనంత అయ్యాక మనిషి దాన్ని పక్కకు నెట్టి నడవడం నేర్చుకుంటాడు. నేను నేర్చుకున్నాను.

తర్వాతి ఏడు పై మెట్టులో మా మొదటి ఆటకు తొమ్మిదిమంది వచ్చారు. మూడో ఆటకు ఐదుగురు. ఇంకో ఆటకు, బాపుకు చెప్పకుండానే, నేనూ సాబూ ఇద్దరమే పోయి, రిఫరీ గడియారం చూసుకుంటుంటే ఖాళీ మైదానంలో నిలబడ్డాం. రెండుసార్లు మనుషులు రాని జట్టని రాసి మమ్మల్ని దించారు. నేను బురదలో పడి ఆపిన ఆ బంతి కొన్న గౌరవం కొన్ని నెలలే. దించినట్టు రాసిన కాగితం మీద సాబ్ సంతకం పెట్టారు. "దిగినం. చాయ్ తాగుదాం పా" అన్నారు. ఆ ఎండాకాలమే ఆయన ఉద్యోగం విరమించి కొల్లాపూర్ వెళ్ళిపోయారు. పోయేముందు ఒకరి చేత నాకొక దరఖాస్తు కాగితం పంపారు, ఆటల సారు కావాలంటే చదవాల్సిన చదువుది. ఇంటరు మళ్ళీ కట్టి గట్టెక్కి, ఆ చదువు చదివి, ఉద్యోగం తెచ్చుకున్నాను. బాపు దాన్ని నా తెలివి అనుకుంటాడు.

ఉద్యోగం వచ్చాక ఒక్కసారి కొల్లాపూర్ పోయాను. మామిడికాయల కాలం. సాబ్ ఇంటావిడ చాచీ పళ్ళెం నిండా ముక్కలు కోసి పెట్టి లోపలికి పోయింది. సాబ్ బాగా తగ్గిపోయారు, మంచం మీద కూర్చుని పత్రికలో లీగ్ పట్టిక వెతుక్కుంటున్నారు. చాలాసేపు ఏవేవో మాట్లాడి, చివరికి అడిగాను.

"గా దినం గట్ల ఎందుకు చెప్పినరు సాబ్?"

ఆయన పత్రిక మడిచారు. ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టారు.

"మీ బాపుకు నేను లేకున్నా నడుస్తది బేటా. నువ్వు లేకపోతే నడువది."

నేను ఏడ్చాను. ఇరవై ఆరేళ్ళవాణ్ణి, సర్కారు కొలువు, పిల్లలకు ధైర్యం నేర్పేవాణ్ణి, చేతిలో మామిడి ముక్క పట్టుకుని ఏడ్చాను. ఆయన నా తల మీద చేయి వేశారు. "నీకు ఎన్నడన్న చెప్పబుద్ధయితే చెప్పు. నేను చెప్పొద్దనలే గద" అన్నారు. తర్వాత నకిరేకల్ జట్టు మళ్ళీ పైకెక్కిందా అని అడిగారు. ఎక్కిందని చెబితే ఎంతో సంతోషపడ్డారు.

మొన్న చలికాలంలో ఆయన పోయారు. పోయి మట్టి వేసి వచ్చాను. మా పాత జట్టులో నలుగురు వచ్చారు, ఇద్దరు మందల దగ్గరినుంచే, కర్రలతోనే. నేను ఇంటికి రాగానే బాపు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఆయన మంద వెంట పోవడం లేదు, మోకాళ్ళు సహకరించడం లేదు.

"ఆఖరికి జర మంచిగనే ఉన్నడా?" అని అడిగాడు.

"ఆఁ" అన్నాను.

పక్కనున్న కర్ర అందుకున్నాడు. "మంచి మనిషే. గా ఒక్క మాట తప్పకుంటె" అని లేచి లోపలికి పోయాడు. నేను గడపమీదే కూర్చుండిపోయాను. చనిపోయిన మనిషి పేరు మీద ఇంకా నా తప్పు నడుస్తోంది. సాబ్ నాకు నేర్పిన వాటిలో చాలా ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. జట్టు పేర్లు రాసేముందు ప్రతి పిల్లవాణ్ణీ ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతాను, బాగాలేరంటే ఎంత పెద్ద ఆటైనా ఇంటికి పంపిస్తాను. అది నా మంచితనం అనుకుంటారు పిల్లలు. అది నేను తీర్చుకోలేకపోతున్న అప్పు.

బాపుకు చదువు రాదు. ఇదంతా అచ్చయినా ఆయన కంటికి నల్లటి గీతలే. ఎవరో ఒకరు చదివి వినిపించాలి, ఆ ఎవరో ఒకరు నేనే కావాలి. ఇంత రాసిన తర్వాత చూస్తే, ఆయనకు ఇంత పొడుగు అక్కర్లేదు. మాట తక్కువ మనిషి. ఆదివారం ఊరికి పోతున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని అనాల్సిన ఆ రెండు ముక్కలను ఎవరూ లేనప్పుడు పైకే అని చూసుకుంటున్నాను:

"బాపూ, సాబ్ నాకు చెప్పిండు. నేనే రాలే."